మూరెడు బొంతలు

మా అత్తమ్మ దినాలు అయిపోయాక ఆమె గది సర్దుతుంటే మంచం కింద ఒక యూరియా సంచి దొరికింది. మూతి సుతిలితో బిగించి కట్టి ఉంది. పప్పుగింజలేమైనా దాచుకుందేమో అనుకుంటూ విప్పాను. లోపలంతా గుడ్డముక్కలు. జానెడు పొడవు, జానెడు వెడల్పు. నడుమ అగ్గిపెట్టెంత ముక్క, దాని చుట్టూ రకరకాల పాత చీరల పట్టీలు, అంతా చేతికుట్టు. బొంత కుట్టేముందు ఇలాంటివి చాలా తయారుచేసి పెట్టుకుని, తర్వాత వాటిని ఒకదానికొకటి అతికేది. వాటిని చౌకాలు అనేది. పదేసి చొప్పున దారం చుట్టి పెట్టింది. లెక్కపెడితే ముప్పై నాలుగు ఉన్నాయి.

అవి ఎవరికోసం కుట్టిందో నాకు తెలుసు. ఎందుకు మధ్యలో ఆపేసిందో కూడా తెలుసు. అందుకే సంచిని మళ్లీ అలాగే కట్టేసి నా కుట్టుమిషను వెనకాల గోడకు ఆనించాను. ఆ తర్వాత ఆరు నెలలు దాన్ని ముట్టుకోలేదు.

నేను నాగర్‌కర్నూల్‌లో జాకెట్లు కుడతాను. ఇంటి ముందుగదే దుకాణం. నా భర్తకు విత్తనాల గోదాములో పని. మాకు ఒక్కతే బిడ్డ. వడ్డేపల్లి దగ్గర సీడుపత్తి వేసే రైతుల ఇంట్లో ఇచ్చాం. అల్లుడు తక్కువ మాట్లాడే మనిషి, నెమ్మదస్తుడు.

అత్తమ్మది కొల్లాపూర్ దిక్కు. ఆమె పుట్టిన ఊరు కృష్ణ నీళ్ల కింద ఉంది. పెళ్లయినప్పటినుంచి మోకాళ్లు మొరాయించేదాకా మేస్త్రీ గుంపుల వెంట ఊళ్లు తిరిగింది. కాలువలు తవ్వింది, కట్టలు పోసింది. ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పేది కాదు, అక్కడి మట్టి ఎలాంటిదో చెప్పేది. ఒకచోట నల్లమట్టి, ఒకచోట పార దిగని మొరం. పని జాగాల్లో గుడిసెల కింద చలికి నేల మంచుగడ్డలా ఉండేదట. అందుకని దొరికిన ప్రతి చింకిగుడ్డనూ బొంతలో కలిపేది. నేను కోడలిగా వచ్చేనాటికి ఆమె కుట్టిన బొంతలు మా చుట్టాలందరి ఇళ్లలో ఉన్నాయి.

నా మిషనంటే ఆమెకు గౌరవం లేదు. "మిషన్ కుట్టు ఒక్కకాడ తెగితే సర్రున మొత్తం ఊడొస్తది. చేతికుట్టు తెగినా తెగినకాడనే నిలబడ్తది," అనేది. నేను నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

మా బిడ్డ నెల తప్పిందని ఫోన్ వచ్చిన రోజునే ట్రంకుపెట్టె దించమంది. తన పాత చీరలు తీసింది. నా పెళ్లినాటి గద్వాల చీర బయటికి లాగింది. పట్టు అంచు ఎప్పుడో పీలికలై పోయింది గానీ నూలు ఒళ్లు మెత్తగా బాగానే ఉంది. మా బిడ్డ చిన్నప్పటి గౌన్లు రెండు కూడా ఎక్కడ దాచిందో తెచ్చింది.

"పుట్టకముందే ఇవన్నీ ఎందుకత్తమ్మా?" అన్నాను. కడుపులో ఉన్న పిల్లకు ముందుగా బట్టలు కొనకూడదని మా ఇళ్లలో పట్టింపు.

"కొత్తది కొనొద్దంటరు గని, పాతగుడ్డకేం దోషముంది?"

"సరే. పసిపిల్లకు మూరెడుదైతే చాలు కదా. ఇన్ని చీరలేం చేస్తవ్?"

"మూరెడుది మూణ్నెల్లకే పొట్టిగైతది. పదో తరగతి సదివేదాంక కప్పుకునేటట్టు కుడత," అంది. చెప్పినట్టే రోజూ పొద్దున గడపలో వెలుతురుకు కూర్చుని కుట్టింది. సూదిలో దారం మాత్రం నేను ఎక్కించి ఇచ్చేదాన్ని. పది సూదులు ఎక్కించి ఒక బట్టపేలికకు గుచ్చి పెడితే సాయంత్రానికి అన్నీ ఖాళీ అయ్యేవి.

ఎనిమిదో నెలలో, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తా, నిన్నటి సంది కడుపుల బిడ్డ కదుల్తలేదంటుంది. దవాఖానకు తీస్కపోతున్న. నువ్వు జర రా," అన్నాడు.

అత్తమ్మ తానూ వస్తానని చెప్పులు వేసుకుంది. "మోకాళ్లతోని బస్సులెట్ల ఎక్కుతవ్, నేను పోయొస్త" అని ఆపేశాను. వనపర్తిలో బస్సు మారాను. బీచుపల్లి వంతెన దాటుతుంటే కింద కృష్ణలో రాళ్లే కనిపించాయి, నీళ్లు అక్కడక్కడా మడుగుల్లో ఉన్నాయి. కిటికీలోంచి వడగాలి కొడుతుంటే తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, మెడ తుడుచుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ పోయాను. ఆ తువ్వాల సంగతి మళ్లీ వస్తుంది, అందుకే చెబుతున్నాను.

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంతా అయిపోయింది. మగపిల్లాడు. కడుపులోనే పోయాడు. ఎవరి తప్పూ లేదని, ఒక్కోసారి ఇలా జరుగుతుందని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. కాసేపటికి నర్సు ఒకామె బయటికి వచ్చి, "శుభ్రమైన గుడ్డ ఏమన్నుందా అమ్మా, బాబును చుట్టనీకి?" అని అడిగింది.

మా దగ్గర ఏమీ లేదు. పట్టింపు ప్రకారం ఎవరూ ఏమీ కొనలేదు. నా సంచిలో నీళ్లసీసా, టిఫిన్ డబ్బా, ఆ తువ్వాల ఉన్నాయి. బయట దుకాణాలు ఉన్నాయి. పోయి ఒక గుడ్డ కొనుక్కు రావాలన్న ఆలోచన అప్పుడు రాలేదు. తర్వాత వెయ్యిసార్లు వచ్చింది. నేను తువ్వాల తీసి ఇచ్చాను. నా చెమటతో తడిసి ఉన్న తువ్వాల.

ఆమె లోపలికి పోయి వచ్చేసరికి చేతుల్లో చిన్న నీలం మూట ఉంది. నేను మొహం చూశాను. తలనిండా జుట్టు. పెదవులు మా బిడ్డవే. అల్లుడూ వాళ్ల నాయనా తీసుకుని పొలం దిక్కు పోయారు. మా బిడ్డ మందుల మత్తులో ఉంది. తీసుకుపోయే ముందు, లేపి చూపిద్దామా అని నర్సు అడిగితే, తట్టుకోలేదు వద్దని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

పొద్దుగూకే వేళకు కళ్లు తెరిచింది. ఏడవలేదు. చాలాసేపు పైకప్పు చూసి, "అమ్మా, దేంట్ల చుట్టిన్రు?" అని అడిగింది.

"తెల్లటి కొత్తగుడ్డల చుట్టినం బిడ్డా," అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో తలుచుకుంటే నాకే భయం వేస్తుంది.

పదిహేను రోజులు అక్కడే ఉండి ఇంటికి వచ్చాను. అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. మనవరాలు ఎలా ఉందని అడిగింది. తింటుందా అని అడిగింది. తర్వాత అదే ప్రశ్న అడిగింది. "దేంట్ల చుట్టిన్రు?"

ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. తువ్వాల సంగతి చెప్పాను. ఆమె చేతిలోని సూదిని గుడ్డకు గుచ్చి, గుడ్డను మడిచి పక్కన పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది.

నాలుగైదు రోజుల తర్వాత ఇద్దరం పల్లీలు ఒలుస్తుంటే తనే మొదలుపెట్టింది.

"గుంపుల పసిపిల్లలు పోతే నన్నే పిల్చేటోళ్లు. తల్లి లేవలేకుండె. మొగోళ్లు ముట్టనీకి భయపడేటోళ్లు. ఆడ గుడ్డ ఏడికెల్లొస్తది? నా బొంతల కెల్లి ఒక మూల కత్తిరించి అండ్ల చుట్టి ఇస్తుంటి. గట్ల నాలుగు మూలలూ పోయినయ్ దానికి. మళ్ల అతుకులేసుకున్న."

"ఎంతమందికత్తమ్మా?"

"లెక్క పెట్టలే," అంది. చేతిలోని పల్లీకాయ చాటలో వేసి, "మందికి చేసిన. నా ఇంటోనికి చెయ్యలేకపోతి," అంది.

పల్లీల చాట పక్కకు జరిపి గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. నేను ఆపకుండా ఉంటే ఆ రోజు ఆమె నాతో వచ్చేది. బస్సులో ఎలా కూర్చునేదో, ఎలా దిగేదో నాకు తెలియదు గానీ, నర్సు గుడ్డ అడిగినప్పుడు తన చీర కొంగైనా చింపి ఇచ్చేది.

ఆ తర్వాత ఆమె సూది పట్టలేదు. ఆ చలికాలంలోనే నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

సంచి బయటికి రావడానికి కారణం మా వీధి చివర చర్చి పక్కనుండే ఆమె. మా ఊరి దవాఖానలో పసిపిల్లల వార్డులో ఆయాగా పనిచేస్తుంది. నన్ను అక్కా అంటుంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక జాకెట్ కొలత సరిచూసుకోవడానికి వచ్చింది. ఆ రోజు సున్నం వేయడానికి గోడల దగ్గరి సామానంతా నడిమధ్యకు లాగి పెట్టాం. సంచి మూతి వదులై రెండు చౌకాలు బయటికి కనిపిస్తున్నాయి. ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"ఎంత సన్నగ కుట్టిండ్రక్కా! ఇవి గిట్ల పెట్టుకొని ఏం చేస్తున్నవ్?"

"మా అత్తమ్మయి. ఒక బొంతకు సరిపోవు. ఏం చెయ్యాల్నో తెల్వదు."

"మా వార్డుల నెలలు నిండక పుట్టినోళ్లు ఉంటరు. రెండు అరచేతులల్ల పడ్తరు. వాళ్ల కొలతకు ఏదీ దొర్కదు. ఇసొంటివి నాలుగు అతికితే ఒక బొంతైతది. కుట్టియ్యరాదూ?"

ఆమె పోయాక నాలుగు చౌకాలు నేలమీద పరిచి చూశాను. రెండు పైన, రెండు కింద. సరిగ్గా మూరెడు. మిషను మీద అయితే అరగంట పని. కానీ అత్తమ్మ కుట్టిన ముక్కల్ని మిషను సూది కింద పెట్టడానికి చెయ్యి రాలేదు. చేత్తోనే మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నదాన్ని, చేతికుట్టులో నా టాకాలు వంకరటింకరగా పోయాయి. సూది వేళ్లకు గుచ్చుకుంది. ఆమెవి బియ్యపుగింజల్లా వరసగా ఉంటే, పక్కనే నావి తప్పటడుగుల్లా ఉన్నాయి. లోపల పొరగా పాత ధోవతి వేశాను, వెనక మెత్తటి అస్తరు గుడ్డ. వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరేసి, మడిచి ఇచ్చాను. మూడు రోజులు పట్టింది.

అలా మూడు ఇచ్చాను. తల్లులు పిల్లల్ని ఎదమీద పడుకోబెట్టుకుని పైన బొంత కప్పుతున్నారని ఆయమ్మ చెప్పేది. ఒక బాబు బరువు పెరిగి ఇంటికి పోయాడని, బొంత కూడా తీసుకుపోయారని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ పోయాక మా ఇంట్లో నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నది ఆ రోజే అనుకుంటాను.

నాలుగోది తీసుకుపోయిన వారానికి ఆయమ్మ వచ్చి గడప బయటే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మొన్నిచ్చిన బొంత పోయిందక్కా," అంది.

"ఏడ పోయింది?"

"ఒక పాపతోని పోయింది."

అర్థం అయ్యాక చేతిలోని కత్తెర బల్లమీద గట్టిగా పెట్టాను. "బతికే పిల్లలకని కుట్టిన. మట్టిల పెట్టనీకి కుట్టిన్నా? నిన్నెవరియ్యమన్నరు?"

"ఆ తల్లి అడిగింది. ఉట్టిగ ఎట్ల పంపుదు అని అడిగింది. నేనేం చెప్పాలె అక్కా?"

"ఏమో నాకు తెల్వదు. ఇగ నన్నడగకు."

ఆమె వెళ్లిపోయింది. ఆ రోజు నేను కత్తిరించిన జాకెట్ చేతులు రెండూ కుడివైపువే వచ్చాయి. నాకు కోపం ఆమె మీద కాదు. ఆ ఆడమనిషి ఎవరో, తనకు పుట్టిన పిల్లకోసం నోరు తెరిచి ఒక గుడ్డ అడిగింది. నా బిడ్డ తరఫున అడగాల్సిన నేను తువ్వాల తీసి ఇచ్చి ఊరుకున్నాను. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసినా ఆయమ్మ ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు. సంచి మళ్లీ కట్టేశాను.

నెల దాటాక ఒక పగలు, నేను గుండీలు కుడుతుంటే వాకిట్లో ఇద్దరు నిలబడ్డారు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. వెనక ఆమె భర్త. అమ్రాబాద్ దిక్కు అడవి అంచు ఊరట. దవాఖానలో చూపించుకోవడానికి వచ్చి, ఆయమ్మను అడిగి నా ఇల్లు తెలుసుకున్నారు. ఆయమ్మ వాళ్లవెంట వచ్చి వీధి మొదట్లోనే ఆగిపోయింది, నా దగ్గరికి రాలేదు.

"బొంత కుట్టింది నువ్వేనా అమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి.

అవునన్నాను. లోపలికి పిలిచి చాప వేశాను. నీళ్లు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు చేతిలో పట్టుకునే కూర్చుంది.

"నేను నిన్ను ఏమడగనీకి రాలే. ఒకటి తెల్సుకుందామని వచ్చిన. నా పాపను అండ్లనే పంపిన గదా. దాని రంగులేందో నాకు యాదికొస్తలేవు. ఎంత తల్సుకున్నా వస్తలేవు. పాప మొహం యాదికుంది, చేతులు యాదికున్నయ్. పైనున్న గుడ్డ యాదికొస్తలేదు. జర చెప్తవా?"

ఆమె భర్త నేలకేసి చూస్తూ, "తిండి తింటలేదమ్మా. గదొక్కటే అడుగుతుంది," అన్నాడు.

నేను లేచి సంచి విప్పాను. ఏ కట్టలోంచి ఆ నాలుగూ తీశానో నాకు గుర్తే. ఆ కట్టలో మిగిలినవి తెచ్చి ఆమె ముందు పరిచాను. "నడుమ పసుపు ఉండె. చుట్టూ ఆకుపచ్చ, దాని పక్కన కుంకుమరంగు. ఆ కుంకుమరంగుది నా పెండ్లిచీర," అని చెప్పాను.

ఆమె ఒక చౌకం చేతిలోకి తీసుకుంది. కుట్ల మీద వేలుతో మెల్లగా రాసింది. "అవు. ఇసొంటిదే. ఈ పసుపు... అవు," అంది. అప్పుడు ఏడ్చింది. గ్లాసు ఆమె చేతిలోంచి నేను తీసుకున్నాను.

పోయేటప్పుడు ఆ చౌకాన్ని తిరిగి ఇవ్వబోతే, "నీ దగ్గరనే ఉంచుకో బిడ్డా," అన్నాను. రెండు మడతలు వేసి కొంగున ముడేసుకుంది. వాళ్లతోపాటే వీధి మొదటిదాకా నడిచాను. ఆయమ్మ అక్కడే ఉంది. ఆ ఇద్దరూ బస్టాండు దిక్కు పోయాక మేమిద్దరం మిగిలాం. నేను ఏదో అనబోతుంటే, "ఇంటికి రా అక్కా, చాయ్ తాగుదం," అంది. చాయ్ తాగుతూ ఆ విషయం ఎత్తకుండా చర్చికి కొత్త రేకులు వేసిన సంగతే మాట్లాడింది. నేను క్షమాపణ చెప్పాల్సిన పని లేకుండా చేసింది.

అప్పటినుంచి జతలుగా కుట్టాను. మూరెడు బొంత ఒకటి, అదే గుడ్డతో అరచేతంతది ఒకటి. మూరెడుది పిల్లది. చిన్నది తల్లిది. పిల్ల బతికి ఇంటికి పోతే రెండూ వాళ్లతో పోతాయి. లేకపోతే ఒకటి పిల్లతో పోతుంది, ఒకటి తల్లి దగ్గర ఉంటుంది. వార్డులో పెద్ద సిస్టరుకు ఆయమ్మ చెప్పింది, ఆమె సరేనంది. అత్తమ్మ చౌకాలు తొందరగానే అయిపోవచ్చాయి. దుకాణంలో మిగిలే జాకెట్ ముక్కలతో నేనే కొత్తవి కుట్టడం మొదలుపెట్టాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ఎందుకని అడిగితే చెప్పేదాన్ని. తర్వాత వాళ్లే పాత నూలుచీరలు తెచ్చి ఇవ్వసాగారు. ఒకామె తన తల్లి చివరిసారి కట్టిన చీర తెచ్చి, కత్తిరించేటప్పుడు తనను పిలవమంది. పిలిచాను. వచ్చి పక్కన కూర్చుని చూసి పోయింది.

ఇదంతా నా బిడ్డకు చెప్పలేదు. ఫోన్‌లో పొలం సంగతులు, వంటల సంగతులు మాట్లాడుకునేవాళ్లం. ఆమె ఇంటికి వచ్చినప్పుడల్లా ముందే అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఆ పిల్లాడి మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. రానివ్వకపోవడమే ఆమెకు మంచిదనుకున్నాను.

పత్తి ఏరడం అయిపోయిన రోజుల్లో ఒకసారి చెప్పకుండా వచ్చేసింది. నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి నా మిషను ముందు కూర్చుని ఉంది. ఒడిలో ఒక జత. మూరెడుది ఒక చేత్తో, చిన్నది ఒక చేత్తో పట్టుకుని ఉంది.

"ఎవరికమ్మా ఇవి?"

చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. అమ్రాబాద్ అమ్మాయి సంగతి కూడా చెప్పాను. నేను ఆపాక, "నా కొడుకును తెల్లగుడ్డల చుట్టిన్రన్నవ్ గదా," అంది. అడిగినట్టు లేదు, గుర్తు చేసినట్టు ఉంది.

కూరగాయల సంచి నేలమీద పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "కాదు బిడ్డా. అబద్ధం చెప్పిన. నా తువ్వాల. పొద్దట్నుంచి బస్సుల మొహం తుడ్సుకున్న తువ్వాల. అదే ఇచ్చిన. కొననీకి పోవాలని నాకు తోచలే."

ఆమె మొహం చూడలేక చేతులు చూస్తున్నాను. ఆ చేతులు చిన్న బొంతను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాయి.

"ఏ రంగుది?"

"నీలంది. అంచుకు ఎర్రగీత."

చిన్న బొంతను మోకాలిమీద పరిచి అంది, "అయితే నీ వాసనన్న ఉండె వానికి."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, ఏడవద్దనీ అనలేదు. లేచి పోయి కూరగాయల సంచి విప్పి టమాటలు బుట్టలో పోసింది. తర్వాత వచ్చి, "వాడు ఎవరి తీరు ఉండె? ఇన్ని దినాలు ఎవ్వరూ చెప్పలే నాకు," అంది. తలనిండా జుట్టు ఉందని చెప్పాను. పెదవులు నీవేనని చెప్పాను. ఆమె తన పెదవులు వేలితో తాకి చూసుకుంది.

ఆ విడత పదిరోజులు ఉంది. మూడోరోజు నీలం గుడ్డ ఏదైనా ఉందా అని అడిగింది. చౌకం ఎలా కుట్టాలో నేర్పమంది. నాకు అత్తమ్మ నేర్పలేదు, ఆమె కుట్టినవి చూసి నేర్చుకున్నాను. అదే చూపించాను. నాలుగు చౌకాలు కుట్టింది. నాకన్నా సన్నగా కుట్టింది. మూరెడు బొంత పూర్తయ్యాక అంచుకు ఎర్రదారంతో ఒక గీత వేసింది. నేను దవాఖానకు పంపే వాటిలో పెట్టబోతే నా చేతిలోంచి తీసుకుంది.

"ఇది ఇయ్య," అంది.

వడ్డేపల్లిలో ఆమె బట్టల బీరువాలో ఉంది అది ఇప్పుడు. ఆమెకు ఇంకా పిల్లలు కాలేదు. ఎవరైనా అడిగితే చెప్పను గానీ, రోజూ దేవుడికి మొక్కుతాను. పొలంపని లేనప్పుడు చౌకాలు కుట్టి పోగుచేస్తుంది. వచ్చినప్పుడు తెస్తుంది, ఇద్దరం కూర్చుని అతుకుతాం.

పోయిన వానాకాలం మొదటిసారి నాతో దవాఖాన లోపలికి వచ్చింది. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా గేటు దాకా వచ్చి ఆగిపోయేది. ఆ రోజు ఆగలేదు. ముసురు పడుతోంది. వరండాలో బల్లమీద ఒకామె ఒంటరిగా కూర్చుని ఉంది. పొద్దున్నే ఆమె బాబు పోయాడని, భర్త కాగితాల కోసం పోయాడని, తల్లి అచ్చంపేట దిక్కు నుంచి బస్సులో వస్తోందని ఆయమ్మ నా చెవిలో చెప్పింది. నేను సంచిలో చెయ్యి పెట్టాను. నా బిడ్డ ఆ చెయ్యి పట్టుకుని, జత తను తీసుకుని, పోయి ఆమె పక్కన కూర్చుంది.

"ఇది బాబుకు. ఇది నీకు," అంది.

ఆమె చూసింది గానీ తీసుకోలేదు. నా బిడ్డ వాటిని ఇద్దరి మధ్యా బల్లమీద పెట్టింది. వానచుక్కలు వరండా అంచుకు కొడుతున్నాయి. ఇద్దరూ ముందుకు చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి ఆమె అడిగింది.

"నీకెందరు పిల్లలక్కా?"

"ఒక్కడు," అంది నా బిడ్డ. "లేడు. నీ తీర్గనే."

తన కొడుకును ఆమె లెక్కలో చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. నేను అక్కడ నిలబడలేక నల్లా దగ్గరికి పోయి చేతులు కడుక్కుంటున్నట్టు నిలబడ్డాను. తిరిగి చూస్తే ఆ అమ్మాయి తల నా బిడ్డ భుజం మీద ఉంది. మూరెడు బొంత ఆమె ఒడిలోకి వచ్చింది.

ఆమె తల్లి వచ్చేసరికి మూడు గంటలయింది. తడిసిన చీరతో పరుగెత్తుకుంటూ వచ్చింది. నా బిడ్డ లేచి ఆమెకు చోటిచ్చింది. ఏమీ చెప్పకుండా నా దగ్గరికి వచ్చి గొడుగు తీసుకుంది. గేటు దాటాక, తెల్లదారం అయిపోయిందని, పోతూ పోతూ రెండు ఉండలు తీసుకుందామని అంది. దుకాణాలున్న వీధి దిక్కు ఒకే గొడుగు కింద నడిచాం.